తాళం కప్ప చెప్పే కబురు

దొంగల భయం గురించి ఎక్కడ మాట మొదలైనా అది ముందు తాళాల మీదికే పోతుంది. ఏ తాళం గట్టిది, తలుపు ఏ కర్రతో చేయించాలి, కిటికీ ఊచలు ఎంత దగ్గరగా ఉండాలి అని అడుగుతారు. ఇవన్నీ కావలసినవే. అయితే ఉత్తరాంధ్రలోని పలాస, టెక్కలి, ఉద్దానం తీరం పల్లెల సంగతి తీసుకుంటే అసలు చిక్కు తాళం దగ్గర లేదు. గుమ్మానికి బయట వేలాడే తాళం కప్ప దొంగను ఆపేది కొంతే. ఇంట్లో ఎవరూ లేరన్న కబురు మాత్రం దారిన పోయే ప్రతివాడికీ చెబుతుంది. ఊడవని వాకిలి, ముగ్గు లేని గుమ్మం, మిట్టమధ్యాహ్నం కూడా వెలుగుతూ ఉన్న వసారా బల్బు, గేటుకు చుట్టిన గొలుసు అదే మాటను మళ్ళీ మళ్ళీ చెబుతాయి. ఈ ప్రాంతంలో ఇంటిని కాపాడుకోవాలంటే ముందు ఈ ఖాళీ ఇంటి సంగతి చూడాలి. అది ఒక్క ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు, వీధి మొత్తం పూనుకోవలసిన పని. ఈ మాట ఎందుకు అంటున్నానో ఈ ప్రసంగంలో వివరిస్తాను.

ఇళ్ళు ఎందుకు ఖాళీ అవుతున్నాయో ముందు చూద్దాం. ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లోని తోటలు ఒకప్పుడు మనిషిని ఊళ్ళోనే పట్టి ఉంచేవి. కొబ్బరి, జీడి, పనస తోటల్లో ఏడాది పొడుగునా ఏదో ఒక పని దొరికేది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను, 2018 అక్టోబరు 11న పలాసకు దగ్గర్లోనే తీరం దాటిన తిత్లీ తుఫాను ఆ చెట్లను నేలకూల్చాయి. పడిపోయిన కొబ్బరిచెట్టు చోట మొక్క నాటితే అది కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. అన్నేళ్ళు ఆగలేని వాళ్ళు రైలెక్కారు. వలస ఈ నేలకు కొత్త కాదు, రంగూన్‌కు ఓడలెక్కిన తరాల నుంచీ ఉన్నదే. ఇప్పుడు వెళ్ళేది హైదరాబాదు, చెన్నై, ముంబయి, అండమాన్, గల్ఫ్ దేశాలకు. మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్ళి నెలల తరబడి పడవల మీద పనిచేస్తారు. ఇక ఉద్దానాన్ని పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడు సార్లు, వెళ్ళిన ప్రతిసారీ మంచం మీద నాలుగు గంటలు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాక ప్రయాణం తగ్గింది కానీ రోగి వెంట ఒక మనిషి వెళ్ళక తప్పదు. ఇద్దరే ఉన్న ఇంట్లో ఇద్దరూ వెళ్ళినట్టే. పలాస, కాశీబుగ్గల్లో ఆడవాళ్ళు పొద్దున్నే జీడి ఫ్యాక్టరీలకు వెళితే తిరిగి వచ్చేది సాయంత్రమే. మార్చి నుంచి మే దాకా జీడిపిక్కలు ఏరే రోజుల్లో ఊరూరా మనుషులు తోటల్లోనే ఉంటారు.

ఇల్లు ఖాళీ కావడానికీ దొంగతనానికీ ఉన్న ముడిని 1979లో లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ అనే ఇద్దరు అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు లెక్కలతో చూపించారు. 1960ల్లో అమెరికాలో ఆదాయాలు పెరిగాయి, చదువు పెరిగింది, పేదరికం తగ్గింది. అలాంటప్పుడు దొంగతనాలు తగ్గాలి గదా, ఎందుకు పెరిగాయన్నది వాళ్ళ ప్రశ్న. జవాబు మనుషుల దినచర్యలో దొరికింది. కుటుంబాలు చిన్నవయ్యాయి, ఆడవాళ్ళు ఉద్యోగాల్లో చేరారు, ప్రయాణాలు ఎక్కువయ్యాయి, పగటిపూట ఇళ్ళు ఖాళీగా మిగిలాయి. అదే కాలంలో చేత్తో పట్టుకుపోగల ఖరీదైన సామాను ఇళ్ళలోకి వచ్చింది. దొంగిలించాలనుకునే మనిషి, దొంగిలించదగ్గ వస్తువు, కాపు లేకపోవడం, ఈ మూడూ ఒకే చోట, ఒకే వేళ కలిస్తేనే నేరం జరుగుతుందని వాళ్ళు తేల్చారు. దొంగల సంఖ్య పెరగకపోయినా కాపు తగ్గితే చాలు, దొంగతనాలు పెరుగుతాయి. ఆడవాళ్ళు పనికి పోవడం వల్లనే ఇదంతా అని దీన్నుంచి ఎవరూ అర్థం తీయకూడదు. ఇన్నాళ్ళూ జీతం బత్తెం లేకుండా వీధికి కాపలా కాసింది ఇంటిపట్టున ఉన్న ఆడవాళ్ళూ, అరుగుల మీది ముసలివాళ్ళూ. ఆ కాపలాను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు కాబట్టే అది తగ్గినప్పుడు దానికి బదులు ఏం చేయాలో ఆలోచించలేదు.

మన చట్టం రాత్రి దొంగతనాన్నే పెద్ద నేరంగా చూస్తుంది. 1860 నాటి శిక్షాస్మృతి గృహభేదనాన్ని, అంటే ఇల్లు పగలగొట్టి చొరబడడాన్ని, ఆరు విధాలుగా విడదీసి చెప్పింది. గోడకు కన్నం వేయడం, తాళం తీయడం అందులోవే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా 330వ సెక్షన్‌లో ఆ ఆరింటినీ అలాగే ఉంచింది. దొంగతనం కోసం పగలు ఇల్లు పగలగొడితే 10 సంవత్సరాల దాకా, సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య పగలగొడితే 14 సంవత్సరాల దాకా జైలు వేయవచ్చని 331వ సెక్షన్ చెబుతోంది. నిద్రపోతున్న మనుషుల ప్రాణానికి కూడా ముప్పు ఉంటుంది కాబట్టి ఆ తేడా సబబే. కానీ జాగ్రత్త పడే విషయంలో ఆ లెక్కే పట్టుకుంటే పొరపాటు. రాత్రి తలుపులన్నీ బిగించుకుని, పగలు పెరటి తలుపుకు గొళ్ళెం తగిలించి ఫ్యాక్టరీకి పోయే ఇంట్లో పగలే ఎక్కువ భయం. మట్టిగోడకు కన్నం వేయాలంటే పూర్వం రాత్రి చీకటీ కావాలి, గంటల కొద్దీ వ్యవధీ కావాలి. నేటి తాళం కప్పకు ఒక ఇనుప రాడ్డు, చూసేవాళ్ళు లేని రెండు నిమిషాలు చాలు.

ఉత్తరాంధ్ర పల్లె ఇంటిని ఒకసారి దగ్గరగా చూడండి. వీధికి అటూ ఇటూ గోడకు గోడ ఆనుకుని వరుస ఇళ్ళు. వీధి వైపు చెక్కుడు పని చేసిన తలుపు, రంగు వేసిన ద్వారబంధం, అరచేయంత తాళం. లోపలికి పోతే గది వెనక గది, చివర వంటిల్లు, అది దాటితే పెరడు. పెరటి తలుపు నాలుగు పలకలు కొట్టిందో, రేకు బిగించిందో అయి ఉంటుంది. దానికి ఒక్క గడియ. ఆ వెనక కొబ్బరి మట్టల దడి, దడి దాటితే తోట. ఖర్చంతా వీధి తలుపుకు పెట్టాం, దొంగకు అనువైన దారి పెరటి వైపు ఉంది. ఆ వీధి తలుపు బలమైనా ఎంత? తాళం కప్ప ఎంత గట్టిదైనా అది పట్టుకునేది గొళ్ళేన్ని. గొళ్ళేన్ని పట్టుకునేది ద్వారబంధంలోకి దిగిన నాలుగు మరలు. సముద్రపు ఉప్పుగాలికి ఆ మరలు లోలోపలే తుప్పు పడతాయి, చెదపట్టిన కర్రలో పట్టు వదులుతాయి. తాళం చెక్కుచెదరకుండానే గొళ్ళెం మొత్తం ఊడి చేతికి వచ్చేస్తుంది. అందుకే ఈ తీరంలో ఖరీదైన తాళం కొనడానికి ముందు వడ్రంగిని పిలిచి, కర్రకు ఈ వైపు నుంచి ఆ వైపుకు వెళ్ళే బోల్టు పెట్టించి లోపలి వైపు నట్టు బిగించుకోవడం మేలు. తలుపులోనే ఇమిడిపోయే ఇంటర్‌లాక్ అయితే బయటికి వేలాడేది ఏదీ ఉండదు కాబట్టి మనిషి ఉన్నదీ లేనిదీ వెంటనే తెలియదు. స్లాబు ఇళ్ళ వరుసలో ఇంకో సంగతి ఉంది. ఒక ఇంటి డాబా ఎక్కితే వీధి చివరిదాకా డాబాల మీదుగానే నడిచిపోవచ్చు. మెట్ల గది తలుపు బలహీనంగా ఉన్న ఒక్క ఇల్లు వరుస మొత్తానికి గండి.

ఇంగ్లండులో మాంచెస్టర్‌కు దగ్గర్లో రోచ్‌డేల్ అనే పట్టణం ఉంది. అక్కడి కిర్క్‌హోల్ట్ అనే పేటలో రెండు వేల పైచిలుకు ఇళ్ళు, అన్నీ స్థానిక ప్రభుత్వం కట్టించి అద్దెకిచ్చినవి, ఎక్కువ భాగం పేదవాళ్ళవి. 1980ల నడుమ అక్కడ ఇళ్ళ దొంగతనాలు విపరీతంగా పెరిగాయి. పోలీసులూ, పరిశోధకులూ కలిసి దొంగతనం జరిగిన ఇళ్ళవాళ్ళనూ, ఇరుగుపొరుగునూ, పట్టుబడిన దొంగలనూ కూర్చోబెట్టి మాట్లాడారు. చాలా దొంగతనాల్లో పోయింది గ్యాసు, కరెంటు మీటర్లలోని చిల్లర అని తేలింది. నాణేలు వేస్తేనే నడిచే ఆ మీటరు ప్రతి ఇంట్లోనూ ఒక డబ్బుల డబ్బాలా ఉండేది. వాటిని తీసేసి నగదు అక్కర్లేని మీటర్లు పెట్టారు. ఒకసారి దొంగలు పడిన ఇంటికి మళ్ళీ దొంగలు పడే అవకాశం మిగతా ఇళ్ళ కన్నా నాలుగు రెట్లు ఎక్కువని కూడా తెలిసింది. దాంతో దొంగలు పడిన ఇంటి చుట్టూ ఉన్న ఆరు ఇళ్ళవాళ్ళను కలిపి, ఆ ఇంటి మీద ఓ కన్నేసి ఉంచమని అడిగారు. కొన్ని నెలల్లోనే దొంగతనాలు మొదటున్న దానిలో 40 శాతానికి పడిపోయాయి. మూడేళ్ళలో నూటికి 75 వంతులు తగ్గాయి. తర్వాత ఇదే పద్ధతిని పేరుకు మాత్రం పట్టుకుని, తమ ఊరి తీరు విచారించకుండా చేసిన చోట్ల ఫలితం అంతగా రాలేదన్నది కూడా నిజమే. కాబట్టి కిర్క్‌హోల్ట్ చేసినదే మనం చేయాలని కాదు. వాళ్ళు వేసుకున్న ప్రశ్నలు మనం వేసుకోవాలి. ఇక్కడ దొంగ దేనికోసం వస్తాడు? ఆ ఇంటిని ఎవరు చూస్తూ ఉంటారు?

మొదటి ప్రశ్నకు ఉద్దానంలో జవాబు బంగారం. పది గ్రాముల ధర 2025లో లక్ష రూపాయలు దాటింది. అత్తవారు పెట్టిన గొలుసు, గల్ఫ్ నుంచి పంపిన డబ్బుతో చేయించిన గాజులు కలిపితే ఒక మామూలు కుటుంబం కొన్నేళ్ళ కష్టం అరచేతిలో పట్టేంత మూటలో ఉంటుంది. ఆ మూట బీరువాలోనో, చీరల మడతల్లోనో, బియ్యం డ్రమ్ములోనో ఉంటుందని అందరికీ తెలిసిందే. నెలల తరబడి ఇల్లు వదిలి వెళ్ళేవాళ్ళు ఆ బంగారాన్ని ఇంట్లో ఉంచకపోవడమే అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త. బ్యాంకు లాకరు అద్దె దండగని కొందరంటారు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం దొంగతనం, దోపిడీ, అగ్నిప్రమాదం వంటి వాటి వల్ల లాకరులోని వస్తువులు పోతే ఏడాది అద్దెకు వంద రెట్ల దాకా బ్యాంకు చెల్లించాలి. పోయిన సొత్తు మొత్తానికి అది సరిపోకపోవచ్చు, కానీ బీరువాకు ఆపాటి పూచీ కూడా లేదు. ఊళ్ళో బ్యాంకు శాఖలో లాకరు దొరకదనేది న్యాయమైన ఇబ్బందే. అలాంటివాళ్ళు చిన్న మొత్తానికి నగలు బ్యాంకులో కుదువపెట్టి వెళుతుంటారు. వడ్డీ పడుతుంది, నిజమే. ఆ వడ్డీని కాపలా కూలి అనుకుంటే ఎంత తీసుకోవాలో ఎవరి లెక్క వాళ్ళు వేసుకోవచ్చు. నగలను ఫోనులో ఫొటోలు తీసి, రసీదులు వేరే చోట దాచుకోవడం కూడా అవసరం. హాల్‌మార్క్ వేసి అమ్మే కొత్త నగల మీద 2023 ఏప్రిల్ నుంచి ఆరు అక్షరాల, అంకెల గుర్తు ఉంటోంది. అది రాసి పెట్టుకుంటే, కరిగించకముందే నగ దొరికినప్పుడు ఇది నాదేనని చూపడానికి పనికొస్తుంది.

మా ఇంట్లో దొంగ పట్టుకుపోవడానికి ఏముంది, ఈ మాటలన్నీ డాబాల వాళ్ళకు గానీ అని తాటాకింటివాళ్ళు అనవచ్చు. నాకు తోచినంతలో ఈ ప్రసంగం ముందుగా వాళ్ళకే కావాలి. ఉన్నవాడి ఇంట్లో పోయిన నాలుగు తులాలు అతని ఆస్తిలో ఒక భాగం. లేనివాడి డబ్బాలో పోయిన ఎనిమిది వేలు రేపటి ఆసుపత్రి ప్రయాణం, మందులు, వెంట వెళ్ళే మనిషి పోగొట్టుకునే కూలి. బీరువా లేని ఇంట్లో ఆధార్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, ఆరోగ్యశ్రీ కార్డు, డయాలసిస్ రిపోర్టులు ఒకే ప్లాస్టిక్ సంచిలో ఉంటాయి. డబ్బు కోసం ఆ సంచి పట్టుకుపోయిన దొంగకు కాగితాలు అక్కర్లేదు, దారిలో పారేస్తాడు. వాటిని తిరిగి తెచ్చుకోవడానికి ఇంటివాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆ కాగితాల నకళ్ళు చుట్టాలింట్లో ఒక ప్రతి, ఫోనులో ఒక ప్రతి ఉంచుకోవడానికి జిరాక్సు ఖర్చు తప్ప ఇంకేమీ కాదు. జీడిపిక్కలు అమ్మగా వచ్చిన డబ్బు ఇంట్లో రాత్రులు నిద్ర చేయకుండా ఖాతాలో వేసుకోవాలి. కిర్క్‌హోల్ట్ కూడా పేదల పేటే అన్నది మరవకూడదు.

ఇక రెండో ప్రశ్న, ఎవరు చూస్తూ ఉంటారన్నది. పక్కింటికి చెప్పి వెళ్ళండి అనగానే వచ్చే ఆక్షేపణ బలమైనదే. ఊరెళుతున్నామని నలుగురికీ చెబితే ఆ మాట దొంగ చెవిన పడదా, పక్కింటివాళ్ళను మాత్రం ఎంతవరకు నమ్మగలం అని అడుగుతారు. ఇంటి గుట్టు తెలిసినవాళ్ళే చేసిన దొంగతనాలు లేకపోలేదు. కానీ ఆలోచించి చూడండి. దొంగకు కబురు తెలియడానికి పక్కింటివాళ్ళు చెప్పనక్కర్లేదు, తాళం కప్ప ఎప్పుడో చెప్పేసింది. రైలు కదలకముందే తిరుపతి ప్రయాణం ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెడుతున్నాం, ఎదురింటి పిన్నికి మాత్రం చెప్పకుండా వెళుతున్నాం. అపకారం చేయగల వాడికి తెలిసి, ఉపకారం చేయగల మనిషికి తెలియకపోవడం అన్నిటికన్నా నష్టం. నలుగురికీ చాటమని నేననడం లేదు. నమ్మకమైన రెండు ఇళ్ళు చాలు, ఒకటి వీధి వైపు కనిపించేది, ఒకటి పెరటి వైపు కనిపించేది. ఎన్నాళ్ళకు వస్తున్నదీ, ఈలోగా ఎవరైనా వస్తారా రారా అన్నదీ వాళ్ళకు తెలియాలి, ఫోను నంబరు వాళ్ళ దగ్గర ఉండాలి. బీరువాలో ఏముందో వాళ్ళకు చెప్పనక్కర్లేదు, తాళం చెవి ఇవ్వనక్కర్లేదు. పొద్దున్నే తమ వాకిలి ఊడ్చేటప్పుడు ఈ వాకిలి కూడా ఊడ్చి, నీళ్ళు చల్లి, రెండు గీతలు ముగ్గు వేస్తే దారిన పోయేవాడికి ఆ ఇల్లు ఖాళీ అని చప్పున తోచదు. సంక్రాంతికి వాళ్ళు ఊరెళ్ళినప్పుడో, ఆసుపత్రిలో ఉన్నప్పుడో మీరు అదే పని చేస్తారు. ఈ చేబదులు ఏళ్ళ తరబడి నడిచిన వీధిలో కొత్త ముఖం పెరట్లోకి వెళితే ఎవరో ఒకరు ఎవరు బాబూ నువ్వు, ఎవరి కోసం అని అడుగుతారు. దొంగకు ఆ ప్రశ్న చాలు.

దొంగల్ని పట్టడం పోలీసుల పని గదా, మన మీద వేయడం ఏమిటని ఇంకో మాట వస్తుంది. పోలీసుల బాధ్యతను ఎవరూ తగ్గించకూడదు. రాత్రి గస్తీ తిరగమని, వెలగని వీధిదీపాల సంగతి చూడమని ఠాణానూ పంచాయతీనీ గట్టిగా అడగాలి. అయితే గస్తీ తిరిగే కానిస్టేబుల్ ఒక వీధిలో ఉండేది కొద్ది నిమిషాలు, ఆ వీధివాళ్ళు ఉండేది రోజంతా. మన పాత ఏర్పాటు కూడా ఈ తేడాను గుర్తించింది. ఈస్టిండియా కంపెనీ పాలన గురించి 1812లో బ్రిటిష్ పార్లమెంటుకు సమర్పించిన ఐదో నివేదిక దక్షిణాది పల్లెల్లోని గ్రామోద్యోగులను వివరిస్తూ, తలారి పని నేరాల ఆచూకీ తెలుసుకోవడం, ఊరి నుంచి ఊరికి పోయే బాటసారులకు తోడుగా వెళ్ళడం అని రాసింది. దొంగతో కలబడడం కన్నా ముందు కబురు తెలుసుకోవడం అతని పని. ఆ తలారి ఇప్పుడు లేడు, తిరిగి రాడు కూడా. కానీ కబురు పోలీసులకు చేరవలసిన అవసరం అలాగే ఉంది. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చిన ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే పద్ధతి అందుకోసమే. తాళం వేసిన ఇళ్ళ మీద నిఘా పెట్టే ఏర్పాటు ఇది. ఫోనులోని యాప్ ద్వారా పేరు నమోదు చేసుకుని ఊరెళ్ళే ముందు తెలియజేస్తే పోలీసులు వచ్చి ఇంట్లో చిన్న కెమెరా పెడతారు. ఎవరైనా లోపల కదిలితే వాళ్ళకు హెచ్చరిక వెళుతుంది. దీనికి డబ్బు తీసుకోరు. ఇంత మంచి ఏర్పాటు కూడా మనం చెబితేనే పనిచేస్తుంది. ఊరెళ్ళే ముందు కాశీబుగ్గలోనో, టెక్కలిలోనో, మీ మండలంలోని ఠాణాలోనో అడిగి తెలుసుకోవచ్చు. యాప్ వాడడం రాని పెద్దవాళ్ళకు వీధిలోని కాలేజీ పిల్లలు చేసిపెట్టవచ్చు.

సొంతంగా కెమెరాలు పెట్టుకున్నవాళ్ళకు ఇవన్నీ అక్కర్లేదు అనుకోవడం తొందరపాటు. దుబాయిలో ఉన్న కొడుకు ఫోనులో ఇంటి గుమ్మం చూసుకోగలగడం మంచిదే, పట్టుబడ్డాక రుజువుకు పనికివస్తుంది కూడా. కానీ కెమెరా చూస్తుంది, అడగదు. కరెంటు పోతే అదీ చూడదు. తిత్లీ తర్వాత ఉద్దానం పల్లెల్లో చాలా రోజుల పాటు చీకటే. దుబాయిలో కొడుకు ఆ దృశ్యం చూసినా, గుమ్మం దగ్గరికి పరుగెత్తవలసింది పక్కింటివాళ్ళే. వాళ్ళ నంబరు లేని ఇంటికి కెమెరా సగమే పనికొస్తుంది.

వీధి కాపలా అన్నప్పుడు ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. 2018 మేలో పార్థీ ముఠా అనే దొంగల గుంపు వచ్చిందని, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని, దొంగతనాలు చేసి చంపేస్తున్నారని రెండు తెలుగు రాష్ట్రాల్లో వాట్సాప్ పుకార్లు చెలరేగాయి. రాత్రుళ్ళు కర్రలు పట్టుకుని ఊళ్ళ పొలిమేరల్లో కాపు కాసినవాళ్ళు బిచ్చగాళ్ళ మీద, మతి స్థిమితం లేనివాళ్ళ మీద, భాష రాని బాటసారుల మీద పడ్డారు. ఏ పాపమూ ఎరగని మనుషుల ప్రాణాలు పోయాయి. ఈ అనుమానానికి పాత చరిత్ర ఉంది. 1871లో తెల్లవాళ్ళు తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలని ముద్రవేసింది. 1911లో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురం అలా ముద్రపడిన కుటుంబాలను ఒకచోట కట్టడి చేయడానికి సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో పెట్టిన స్థావరమే. 1952లో ఆ చట్టం రద్దయింది, పడిన ముద్ర మాత్రం తరాలు వెంటాడింది. ఒడిశా సరిహద్దున ఉన్న మన ప్రాంతానికి రోజూ కొత్తవాళ్ళు వస్తారు. పాత సామాన్లు కొనేవాళ్ళు, దుప్పట్లు అమ్మేవాళ్ళు, జీడి కొనుగోలుదారులు, మూలపేట ఓడరేవు పనులకు వచ్చిన కూలీలు. వాళ్ళను అనుమానంతో వెంటాడడం తప్పు, పైగా దండగ. కిర్క్‌హోల్ట్‌లో విచారిస్తే ఎక్కువమంది దొంగలు ఆ చుట్టుపక్కలవాళ్ళేనని తేలింది. కాబట్టి చూడవలసింది మనిషి వేషాన్నీ యాసనూ కాదు, చేస్తున్న పనిని. యజమాని లేని ఇంటి పెరట్లో మనిషి ఉంటే పలకరించాలి, జవాబు పొంతన లేకపోతే 112కు ఫోను చేయాలి. చెయ్యి చేసుకోవడం మన పని కాదు. మూకదాడిలో మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షన్ కింద మరణశిక్ష దాకా పడవచ్చు.

ఇంత చేసినా దొంగతనం జరిగితే, ముందు వచ్చే నష్టం సానుభూతితో వచ్చినవాళ్ళ వల్లే. తెరిచిన బీరువా చూడడానికి వీధంతా లోపలికి వస్తుంది, ఇంటావిడ చీరలు సర్దుతూ ఏం పోయిందో వెతుకుతుంది. క్లూస్ టీం వచ్చేసరికి వేలిముద్రల మీద వేలిముద్రలు పడతాయి. పక్కింటివాళ్ళు చేయవలసింది ఎవరినీ గుమ్మం దాటనీయకుండా నిలబడడం, ఇంటివాళ్ళకూ పోలీసులకూ ఫోను చేయడం. వలస వెళ్ళినవాళ్ళకు కొత్త చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ ఠాణాలోనైనా, నేరం జరిగిన చోటుతో నిమిత్తం లేకుండా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపి మూడు రోజుల్లోగా సంతకం చేయవచ్చు. హైదరాబాదులో తాపీపని చేసుకుంటున్న మనిషి ఊరు చేరేదాకా కేసు ఆగనక్కర్లేదు. ఇంట్లో మళ్ళీ దొంగలు పడే భయం ఎక్కువన్నది గుర్తుంచుకుని విరిగిన తలుపును ఆ రోజే బాగుచేయించాలి, ఆ ఇంటి మీద చూపు కొన్ని వారాలు ఇంకా ఎక్కువ ఉంచాలి.

ఈ ఖాళీ ఇంటి సంగతి అన్నిటికన్నా ప్రాణాల మీదికి తెచ్చేది తుఫాను రోజుల్లో. హెచ్చరిక వచ్చాక పునరావాస కేంద్రానికి రమ్మంటే కదలని ముసలివాళ్ళను మొండివాళ్ళని అధికారులు విసుక్కుంటారు. వాళ్ళను అడిగితే చెప్పే కారణాల్లో ఇల్లూ వాకిలీ ఎవరు చూస్తారు అన్నది తప్పక ఉంటుంది. ఆ భయం అర్థం లేనిది కాదు. మనుషుల్ని ఖాళీ చేయించే ప్రభుత్వం ఖాళీ అయిన వీధికి కాపు ఎవరో కూడా చెప్పాలి. పంద్రాగస్టు గ్రామసభలోనే, అంటే అక్టోబరు తుఫాన్లకు ముందే, ఊళ్ళో తాళం వేసి ఉన్న ఇళ్ళ పేర్లు, వాళ్ళు ఉన్న ఊళ్ళు, ఫోను నంబర్లు ఒక పుస్తకంలో రాయించాలి. ఆ పుస్తకం పంచాయతీ కార్యదర్శి దగ్గర, ఒక ప్రతి ఠాణాలో ఉండాలి, ఊళ్ళో చేతులు మారకూడదు. పునరావాస కేంద్రానికి వెళ్ళేటప్పుడు నగలు, కాగితాలు, మందులు నీరు చొరని ఒకే సంచిలో వెంట తీసుకెళ్ళనివ్వాలి. గాలి తగ్గగానే మొదట వీధుల్లోకి వెళ్ళేది ఎవరో, ఏ వీధికి ఏ ఇద్దరో ముందే అనుకోవాలి, వాళ్ళకు టార్చిలైట్లు పంచాయతీ ఇవ్వాలి. ఇవి జరిగిన ఊళ్ళో పిలవడానికి వెళ్ళిన మనిషి అవ్వా, పద, నీ వీధికి ఫలానా ఇద్దరు ఉన్నారు, పేర్లు నీకు తెలిసినవే అని చెప్పగలడు. కదలడానికి ఆమెకు ఆ మాట కావాలి.